కాగితం మీద రెండో మిద్దె

మొదటి రోజు, మంగళవారం

ఇంటి ప్రకటనలో 'రెండో అంతస్తు' అని రాసుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండు మిద్దెలైతే మెల్లగా ఎక్కేస్తుందిలే అనుకున్నాను. స్పెయిన్‌లోని బార్సిలోనా విమానాశ్రయం నుంచి వచ్చిన టాక్సీ, పాత ఊరైన గోతిక్ పేట అంచులోనే ఆగిపోయింది. లోపలి సందుల్లోకి బండి పోదు. రాళ్లు పరిచిన సందులో మూడు సూట్‌కేసుల్ని గడగడలాడిస్తూ నేనూ అమ్మా మా ఆవిడా ముగ్గురం నడుస్తుంటే, పైన ఒక బాల్కనీలోంచి ఒక పెద్దాయన మమ్మల్నే చూస్తున్నాడు. కోపంగా కాదు, నీరసంగా. ఆ గడగడ ఆయన రోజుకు ఎన్నిసార్లు వింటాడో నాకు ఆ రాత్రే తెలిసొచ్చింది.

తలుపు తీస్తే మెట్లు. లిఫ్టు లేదు. ఒక మిద్దె ఎక్కాక గోడ మీద 'ఎంత్రెసోల్' అని పలక. ఇంకో మిద్దె ఎక్కితే 'ప్రిన్సిపాల్'. ఆ పైన గాని ఒకటో అంతస్తు మొదలవలేదు. ఇక్కడి పాత ఇళ్ల లెక్క ఇది. నేల మీద అంగడి, దాని నెత్తిన ఒక పొట్టి అంతస్తు, ఆపైన ఇంటి యజమాని కాపురముండే ప్రిన్సిపాల్, ఆ తర్వాతే ఒకటి, రెండు. లిఫ్టులు లేని కాలంలో డబ్బున్నోడు కింద, లేనోడు పైన. ఇప్పుడు ఆ పైవాటాలు మాలాంటి వాళ్లకు రోజువారీ అద్దెకు వస్తున్నాయి.

"ఏమ్రా, రెండో మిద్దె అంటివే. ఇది కొండకు నడిచినట్లుండాదే" అంది అమ్మ, మూడో మలుపులో కూచుని. పైకి చేరాక చెప్పింది: డెబ్బై ఎనిమిది మెట్లు. లెక్క పెట్టుకుంటూనే ఎక్కిందన్నమాట.

ఆ ఇల్లు ఎందుకు తీసుకున్నానో చెప్పాలి. షెంగెన్ వీసాకు బస కాగితాలు చూపించాలి కాబట్టి రెండు నెలల ముందే, అనంతపురంలో మా ఇంట్లో కూచుని, మ్యాపులో చూసి ఎంచాను. కెథెడ్రల్ నాలుగు నిమిషాలు, రాంబ్లా వీధి ఆరు నిమిషాలు, మెట్రో అయిదు నిమిషాలు. అన్నిటికీ దగ్గర. పైగా సమీక్షల్లో అందరూ 'ఊరి నడిబొడ్డు' అని మెచ్చుకున్నారు. మెచ్చుకున్న వాళ్లలో మోకాళ్ల నొప్పులున్న వాళ్లెవరూ లేరు.

రాత్రి పదకొండుకు కింద బార్లు నిండాయి. రెండున్నరకు ఖాళీ అయ్యాయి. మూడుకు సీసాల తొట్టె ఎత్తిపోశారు. ఆ తర్వాత ఊరు శుభ్రం చేసేవాళ్లు పైపుతో సందంతా నీళ్లు కొట్టారు. నాలుగున్నరకు తెల్లవారుజాము విమానం అందుకోవాల్సిన ఎవరో సూట్‌కేసు లాక్కుంటూ పోయారు. గడగడ.

రెండో రోజు, బుధవారం

నిద్ర ఎటూ లేదు కదాని ఆరున్నరకే బయటపడ్డాను. ఒప్పుకోవాల్సిందే, ఆ వేళలో గోతిక్ పేటంత అందమైన చోటు నేను చూళ్లేదు. సందుల్లో తడి రాళ్లు, ఎక్కడో రొట్టెలు కాలుతున్న వాసన, మనిషి లేడు. బిషప్ వీధి మీద రెండు భవనాల్ని కలిపే రాతి వంతెన చూసి మధ్య యుగాల నాటిదనుకున్నాను. 1928లో కట్టారట. ఈ 'గోతిక్' సొగసులో కొంత, ఇరవయ్యో శతాబ్దంలో ఊరు తన్ను తాను ముస్తాబు చేసుకున్నదే.

పక్క సందులో సాంత్ ఫెలిప్ నెరి అనే చిన్న కూడలి ఉంది. చర్చి గోడంతా గుంతలు. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1938 జనవరి 30న ఇక్కడ బాంబులు పడ్డాయి. 42 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలు. గోడను పూడ్చకుండా అలాగే వదిలేశారు. చాలాసేపు ఒక్కణ్నే కూచున్నాను. తొమ్మిదిన్నరకు అమ్మనూ మా ఆవిడనూ తీసుకొచ్చేసరికి అక్కడ నాలుగు గుంపులు, నాలుగు జెండాలు, నాలుగు భాషల్లో గైడ్లు.

పదకొండు తర్వాత పేటంతా తిరునాళ్లే. మా ఆవిడ పెరుగు కొనాలంది. ఫ్రిజ్జుకు అంటించే అయస్కాంతాలున్నాయి, కాగితం పొట్లాల్లో పందిమాంసం ముక్కలున్నాయి, ఫుట్‌బాల్ చొక్కాలున్నాయి. కూరగాయల అంగడి కనబడాలంటే పావుగంట నడవాల్సొచ్చింది. మా పాతూరు కూడా ఇరుకే, అక్కడా బండి పోదు, కానీ సందు మొదట్లో కొత్తిమీర కట్ట దొరుకుతుంది.

సాయంత్రం మెట్ల మీద ఆ బాల్కనీ పెద్దాయన ఎదురయ్యాడు. అమ్మ చేతి సంచి అడక్కుండానే అందుకుని పైదాకా తెచ్చాడు. వచ్చీరాని ఇంగ్లిషులో చెప్పాడు. ఈ భవనంలో తొమ్మిది ఇళ్లు, వాటిలో మూడింట్లోనే ఊరివాళ్లున్నారు, తక్కినవన్నీ మీవే అన్నాడు. 'మీవే' అనడంలో ఎత్తిపొడుపు లేదు. దాంతో ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

ఈ ఊళ్లో పర్యాటకులకిచ్చే ఇళ్లకు లైసెన్సు నంబరుండాలి. అది 'హెచ్‌యూటీబీ' అనే అక్షరాలతో మొదలవుతుంది. అలాంటివి 10,101 ఉన్నాయని, 2028 నవంబరు నాటికి ఒక్కటి కూడా కొనసాగించబోమని మేయర్ జావుమె కుల్‌బోని 2024 జూన్‌లో ప్రకటించాడు. అద్దెలు ఊరివాళ్లకు అందకుండా పోతున్నాయన్నది కారణం. మీరు బుక్ చేసే ఇంటి ప్రకటనలో ఆ నంబరు లేకపోతే వదిలేయండి. మా ఇంటికి నంబరైతే ఉంది, నిద్రే లేదు.

ఆ రాత్రి మా ఆవిడ ఫోన్ తీసుకుని మ్యాపు ముందు కూచుంది. "నువ్వు చూసేదానికి దగ్గర చూసినావు. నేను పడుకునేదానికి దగ్గర చూస్తా" అంది.

మూడో రోజు, గురువారం

ముందు ఎషాంప్లా చూడ్డానికి వెళ్లాం. పాత ఊరి ప్రాకారాలు 1854లో కూల్చడం మొదలుపెట్టాక, ఇల్దెఫోన్స్ సెర్దా అనే ఇంజనీరు గళ్ల కాగితం మీద గీసినట్టు గీసిన కొత్త ఊరు ఇది. 1859లో ఆమోదించారు. ఒక్కో చదరం భుజం 113 మీటర్లు. నాలుగు మూలలూ చెక్కేసి ఉంటాయి కాబట్టి ప్రతి కూడలీ ఎనిమిది పలకల మైదానమైంది. ఆ ఇరుకులోంచి వచ్చి ఇక్కడ నిలబడితే ఊపిరి తీసుకున్నట్టుంటుంది. రెండు వైపులే ఇళ్లు కట్టి నడుమ తోట వదలాలన్నది సెర్దా ఆలోచన. తర్వాత వచ్చినవాళ్లు నాలుగు వైపులా కట్టి, తోటను కూడా కప్పేశారు. ప్లాను గీసేవాడికి, ఇల్లు కట్టేవాడికి ఎక్కడా పడదు కాబోలు.

ఇక్కడి ఇళ్లకు లిఫ్టులున్నాయి, చెక్క తలుపుల పాత పెట్టెలు. అమ్మ ఒకదాన్లో ఎక్కి దిగి, ఇదే తీసుకుందాం అంది. కానీ మేం చూసిన గది అరగో వీధి వైపు. కిటికీ తీస్తే వరుసలు వరుసలుగా కార్లు. లోపలి వైపు గది అడిగితే చూపించారు. కిటికీ గాలి కోసం వదిలిన బావిలాంటి సందులోకి తెరుచుకుంటుంది. చప్పుడు లేదు, వెలుతురూ లేదు, ఎదురింటి వంటగది మాత్రం ఉంది. విచిత్రమేమంటే అరగో పక్క వీధే కొన్సెల్ దె సెంత్. దాన్ని 2023లో నడిచేవాళ్లకు వదిలేశారు. చెట్లు, బెంచీలు, ఆడుకునే పిల్లలు. రెంటికీ మధ్య ఒక్క చదరమే దూరం. అందరూ 'ఎషాంప్లాలో ఉండండి' అంటారు గానీ, ఏ వీధి, ఏ వైపు కిటికీ అని చెప్పరు. ఆ మంచి వీధిలో దొరికిన ఇల్లు మా చేతికి అందే ధర కాదు.

మధ్యాహ్నానికి మా ఆవిడ పోబ్లె సెక్ పేటలో ఒకటి పట్టింది. మొంజుయిక్ గుట్ట పాదంలో, పారలెల్ అవెన్యూ పక్కన. లిఫ్టు ఉంది, లైసెన్సుంది, యజమానురాలు కింది అంతస్తులోనే కాపురముంది. ఈ మూడోది నాకు మొదట పట్టలేదు గానీ, అన్నిటికన్నా విలువైనది అదే. యజమాని నెత్తిన కాపురముంటే చెత్తబుట్ట ఎక్కడో, రాత్రి ఎన్నింటి తర్వాత కుర్చీ లాగకూడదో మొదటి గంటలోనే తెలుస్తుంది. గోతిక్ ఇంటికి ముందే కట్టినదాన్లో సగం పోయింది. పోతే పోయింది. కొత్త ఇంట్లో పర్యాటకుల పన్ను వేరే కట్టాలి. మేం వెళ్లినప్పుడు ఊరి కార్పొరేషన్ వాటా ఒక్కటే మనిషికి రాత్రికి 4 యూరోలుండేది.

తాళాలిస్తూ ఆమె ఇండియాలో ఎక్కడ అని అడిగింది. విదేశాల్లో ఈ ప్రశ్నకు నాకో అలవాటైన జవాబుంది. "బెంగళూరు దగ్గర" అన్నాను. అమ్మకు ఇంగ్లిషు రాదు గానీ బెంగళూరు అర్థమైంది. "బెంగళూరేందిరా, అనంతపురమని చెప్పు" అంది.

ఆమె ఆగిపోయింది. "అనంతపూర్? విసెంతె ఫెర్రెర్?"

ఫాదర్ ఫెర్రర్ ఈ ఊళ్లోనే 1920లో పుట్టాడు. 1952లో జెసూట్ క్రైస్తవ సన్యాసిగా మన దేశానికొచ్చి, 1969లో మా జిల్లాకు చేరి, 2009లో అక్కడే పోయాడు. ఆయన పెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అంటే మా పల్లెల్లో తెలియని ఇల్లుండదు. మా పెద్దమ్మ కూతురి కాన్పు బత్తలపల్లిలో వాళ్ల ఆసుపత్రిలోనే. ఇక్కడేమో నెలనెలా కొంత పంపి మన పిల్లల చదువుకు ఆసరాగా నిలిచే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఈమె అక్క వాళ్లలో ఒకరట. కిందికి పోయి ఫ్రిజ్జు మీద అంటించిన ఫోటో పీక్కొచ్చింది. రెండు జడల పిల్ల, వెనక తెల్ల సున్నం ఇల్లు. అమ్మ ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఏ ఊరో పోల్చుకోవాలని చూసింది. పోల్చుకోలేదు. కానీ ఆ నాలుగు రోజులూ వాళ్లిద్దరూ భాష లేకుండానే మాట్లాడుకున్నారు.

నాలుగో రోజు, శుక్రవారం

ఎనిమిది గంటలు నిద్రపోయాం. ఇంతకన్నా రాయడానికేం లేదు ఉదయానికి.

పేట పేరేంటని అడిగితే యజమానురాలు 'పోబ్లె సెక్' అంటే ఎండిన ఊరు అని చెప్పింది. ఒకప్పుడు ఇక్కడ నీళ్లకు కటకటట. అమ్మ పకపకా నవ్వింది. ఎండిన జిల్లా నుంచి విమానమెక్కి ఎండిన ఊరికొచ్చాం. ఏడాదికి పడే వాన చూస్తే మా ఊరికీ ఈ ఊరికీ పెద్ద తేడా లేదు కూడా. మూడేళ్ల కరువు తర్వాత 2024 ఫిబ్రవరిలో కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించారని, జలాశయాల్లో నీళ్లు 16 శాతం కిందికి పడిపోయాయని ఆమె చెప్పింది. కొళాయి దగ్గర బకెట్ పెట్టుకుని, వేడినీళ్లు వచ్చేలోపు కారే చల్లనీళ్లు పట్టి మొక్కలకు పోసేదట. "మనమూ అంతే కదా" అని అమ్మ నాతో చెప్పించింది.

పారలెల్ దాటితే రవాల్ పేట. బస పేరెత్తితే చాలామంది రవాల్ వద్దంటారు. రాత్రి వేళ కొన్ని సందుల గురించి ఆ మాట నిజమే, నేనూ అక్కడ అమ్మతో ఉండను. కానీ పగలు మాకది పుట్టిల్లయింది. పాకిస్తానీ, బంగ్లాదేశీ అంగళ్లలో కరివేపాకు, కందిపప్పు, పచ్చిమిరపకాయలు. అంగడివాడితో మా అనంతపురం తురక మాటల్లో మాట్లాడితే, "మీ ఉర్దూ ఎక్కడిది భాయ్?" అని నవ్వాడు. రాంబ్లా దెల్ రవాల్‌ వీధిలో కొలంబియా శిల్పి బొతేరో చేసిన బొద్దు పిల్లి కంచు బొమ్మ తోక నీడలో కూచుని జామపండ్లు తిన్నాం.

సాయంత్రం గ్రాసియా. 1897లో బార్సిలోనాలో కలిపేదాకా అది వేరే ఊరు. ఇప్పటికీ అక్కడివాళ్లు కిందికి పోతుంటే 'బార్సిలోనాకు పోతున్నాం' అంటారట. పొట్టి ఇళ్లు, వంద అడుగులకో చిన్న కూడలి, నడుమ 33 మీటర్ల గడియారపు స్తంభం. అమ్మకు వెంటనే మా టవర్ క్లాక్ గుర్తొచ్చింది. 1870లో కొడుకుల్ని బలవంతంగా సైన్యంలోకి పట్టుకుపోతుంటే ఊరు తిరగబడింది, ఈ స్తంభం గంట ఆపకుండా మోగించారు.

ఆ స్తంభం కట్టిన వాస్తుశిల్పి అంతోని రొవీరా ఇ త్రియాస్. పాపం, ఎషాంప్లా కోసం ఊరు పెట్టిన పోటీలో గెలిచింది అతనే. మాడ్రిడ్ ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి సెర్దా ప్లాను రుద్దింది. గ్రాసియాలో అతని పేరు మీదున్న కూడలిలో కంచు రొవీరా బెంచీ మీద కూచుని ఉంటాడు, పాదాల ముందు నేల మీద అతని ఓడిన ప్లాను. అమ్మ పక్కన కూచుని ఫోటో దిగింది.

నాకు నచ్చిన పేట అడిగితే గ్రాసియా అనే చెప్తాను. అయినా అక్కడ ఇల్లు తీసుకుంటే కూడలి మీదికి కిటికీ లేనిది చూసుకోండి. ప్లాసా దెల్ సోల్‌లో రాత్రి పదికి నేల మీద ఖాళీ లేదు, అందరి చేతుల్లో డబ్బాలు. చుట్టూ బాల్కనీలకు నిద్ర కావాలన్న బ్యానర్లు.

అయిదో రోజు, శనివారం

సగ్రాద ఫమీలియా చర్చి, పార్క్ గుయెల్ తోట ఈ రోజే అయ్యాయి. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, టికెట్లు ముందే కొనుక్కోండి అని మాత్రం నేను చెప్తాను. పార్క్ గుయెల్ పక్క వీధుల్లో తిరిగే 116 నంబరు చిన్న బస్సు కథ ఒకటి వినండి. పర్యాటకులు ఎక్కేసి ముసలివాళ్లకు సీటు లేకుండా పోతోందని ఊరివాళ్లు మొత్తుకుంటే, 2024లో ఆ బస్సును గూగుల్ మ్యాప్స్‌లోంచే తీయించారు. మేమూ ఎక్కలేదు. ఎక్కి ఉంటే అమ్మ ముసలివాళ్ల లెక్కలోకి వస్తుందా, పర్యాటకుల లెక్కలోకి వస్తుందా అన్నది తేలేది.

సాయంత్రం సముద్రం. బార్సెలోనెటాలో బస చేస్తే లేవగానే అలలు కదా అని నేనూ మొదట్లో ఊగాను. ఆ పేట పుట్టుకే నిర్వాసితులది. 1714లో యుద్ధంలో ఊరు ఓడిపోయాక స్పెయిన్ రాజు కోట కట్టుకోవడానికి రిబేరా పేటలో వందల ఇళ్లు కూల్చాడు. వాళ్లకంటూ 1753లో సముద్రం ఒడ్డున ఈ ముక్కోణపు నేల మీద వరుస ఇళ్లు మొదలుపెట్టారు. తర్వాత ఒక్కో ఇంటిని నాలుగు ముక్కలు చేసుకున్నారు. అందుకే 'పావు ఇళ్లు' అంటారు. మా పడకగదీ వంటగదీ కలిపితే వచ్చేంత. అందులో ఒక జాలరి కుటుంబం పెరిగేది. ఇసుక బీచ్ ఇప్పుడున్న రూపానికి వచ్చింది 1992 ఒలింపిక్స్‌కే. ఆపైన ఆ పావు ఇళ్లే బంగారమయ్యాయి. 2014లో తాగి తిరిగే అతిథుల్ని భరించలేక పేట రోడ్డెక్కింది. 2024 జూలైలో హోటళ్ల ముందు కూచున్న పర్యాటకుల మీద నీళ్ల తుపాకులు కొట్టింది కూడా ఈ ఊరివాళ్లే.

సందుల్లో తలెత్తితే ఆరేసిన దుప్పట్లు, మధ్యమధ్య పేట జెండా, నీలం, పసుపు. కింద ఒకామె గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచుని ఉంది. ఆమె గుమ్మమూ దారీ ఒకటే. అమ్మ అలవాటు కొద్దీ నమస్కారం పెట్టింది, ఆమె కూడా తల ఊపింది. ఇక్కడ ఉండకపోవడమే మంచిదయింది అనిపించింది నాకు. ఆమె పక్కింటి పావులో మేం గడగడలాడుతూ దిగేవాళ్లం కదా.

ఆ పేటలో పుట్టిన 'బోంబా' తిన్నాను. మాంసం కూరిన ఆలూ బోండా, దాని మీద వెల్లుల్లి పూత, కారం. అమ్మకు పద్రోన్ మిరపకాయలు చెప్పాం. నూనెలో వేయించి ఉప్పు చల్లుతారు, పదింటిలో ఒకటి కారమని హెచ్చరిస్తారు. అమ్మ పళ్లెం ఖాళీ చేసి, "ఆ ఒకటి రాలేదే" అంది.

ఆరో రోజు, ఆదివారం

పొద్దున్నే సాంత్ అంతోని మార్కెట్ చుట్టూ పాత పుస్తకాల సంత. మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. ఆ 1882 నాటి ఇనుప మార్కెట్ కట్టింది కూడా మన రొవీరానే. ఎవడి ప్లాను తనను ఓడించిందో ఆ గళ్లలోనే ఒక గడి నింపాల్సొచ్చింది.

మా పేటలోనే, మొంజుయిక్ అంచున, 307వ నంబరు షెల్టరు ఉంది. అంతర్యుద్ధంలో బాంబుల నుంచి తలదాచుకోను జనం తమ చేతుల్తో గుట్టను తవ్వుకున్న సొరంగం. దాదాపు 400 మీటర్లు. అమ్మను ఇంట్లో వదిలి మేమిద్దరం వెళ్లాం. సాంత్ ఫెలిప్ నెరి గోడ చూసినవాళ్లు ఇది కూడా చూడాలి.

మా పేట గురించి ఒక్కమాట చెడ్డది కూడా చెప్పాలి. గుట్ట వైపు వీధులు నిటారు. మేం పారలెల్ వైపు కింద ఉన్నాం కాబట్టి సరిపోయింది, నాలుగు వీధులు పైకి ఉంటే అమ్మ కథ మళ్లీ మొదటికొచ్చేది. చిరుతిళ్లకు పేరుపడ్డ బ్లాయి వీధిలో ఇల్లు తీసుకుంటే గోతిక్ రాత్రులే మళ్లీ. అదీగాక మెట్రోలో జేబులు జాగ్రత్త, మా లైను ఊరి నడుమనుంచి పోయేదే.

సాయంత్రం పోబ్లె నౌ. పాత బట్టల మిల్లుల పేట, ఇప్పుడు కంప్యూటర్ ఆఫీసులు. ఆ పేట రాంబ్లాలో 1912 నుంచి ఉన్న అంగట్లో ఓర్చాతా అనే పాలలాంటి చల్లని పానీయం తాగాం. "చెనిక్కాయ పాలలో చక్కెరేసినట్లుంది" అని అమ్మ రెండో గ్లాసు అడిగింది.

ఏడో రోజు, సోమవారం

తెల్లారి ఖణఖణమని ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడు. బాల్కనీలోంచి చూస్తే నారింజ రంగు గ్యాస్ సిలిండర్ల బండి తోసుకుంటూ ఒకతను, "బుతానో" అని కేకేస్తున్నాడు. "ఇక్కడ ఫోన్లో బుకింగ్ లేదా ఏమి?" అంది అమ్మ. సామాన్లు దించేసరికి అతను మా ఎదురింటి గుమ్మంలో పన్నెండున్నర కిలోల సిలిండర్ భుజానికెత్తుకుంటున్నాడు. పాకిస్తాన్ పంజాబువాడు. ఆ ఇంటికి లిఫ్టు లేదు.

"ఎన్నో మిద్దెకో అడుగు" అని అమ్మ నా మోచెయ్యి పొడిచింది. అడిగాను.

"కాగితం మీద రెండు, అమ్మా" అన్నాడు ఉర్దూలో, నవ్వుతూ చీకటి మెట్లలోకి పోతూ. "ఎక్కాల్సింది నాలుగు."